ట్రంప్ దొరకు జాయింట్ చెక్‌పవర్

పాలకీడు మండలంలో ఏ ఊరి సర్పంచ్ అయినా వీధిదీపాల బల్బులు కొనడానికి చెక్కు రాయాలంటే తన ఒక్క సంతకం చాలదు. ఉపసర్పంచ్ కూడా గీకాలి. ఆ ఉపసర్పంచ్ అవతలి గుంపువాడైనా, పెండ్లి పిలుపులో తేడా వచ్చి అలిగినా, బజారంతా చీకటే. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం వేసిన ముకుతాడు ఇది. అధికారం ఒక్క చేతిలో ఉంటే తలకెక్కుతుందని మనవాళ్లు ముందే కనిపెట్టారు. వాషింగ్టన్‌లో ఇంకా కనిపెట్టలేదు.

అక్కడ 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం నాడు డొనాల్డ్ ట్రంప్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. హెచ్-1బి వీసాకు లక్ష డాలర్లు కట్టాలట. మన లెక్కలో 88 లక్షలు. ఉపాధ్యక్షుడి సంతకం అక్కర్లేదు. పాపం, జేడీ వాన్స్ మన తెలుగింటి అల్లుడు. కానీ చెక్‌పవర్ లేని ఉపసర్పంచ్.

ఆ ఫీజు ఏటేటా కట్టాలని వాణిజ్య మంత్రి లట్నిక్, దొర పక్కనే నిలబడి చెప్పాడు. ఉన్నవాళ్లకా, కొత్తవాళ్లకా అన్నది ఎవరికీ తెలియదు. దేశం దాటొద్దని, దాటినవాళ్లు గడువులోగా వెనక్కి రావాలని కంపెనీలు మెయిళ్లు కొట్టాయి. గడువు మన గడియారంలో ఆదివారం పొద్దున 9 గంటల 31 నిమిషాలు. ఆ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. కోదాడకో మిర్యాలగూడకో పండుగకని వచ్చిన పిల్లలు తంగేడు పూలు కోయాలా, టికెట్లు కొనాలా? శనివారం వైట్‌హౌస్ మాట మార్చింది: కొత్త దరఖాస్తులకే, అదీ ఒక్కసారే అని. ఊళ్లో రాత్రి డప్పు చాటింపు వేయించి తెల్లారి “అది అట్లా కాదు” అన్న సర్పంచ్‌ను రచ్చబండ కాడ కూర్చోబెట్టి కడిగేస్తారు. అక్కడ దాన్ని వివరణ అంటారు.

పన్నులు వేసే అధికారం కాంగ్రెస్‌దేనని 1787లో ఫిలడెల్ఫియాలో కూర్చున్న పెద్దలు రాసిపెట్టారు. మరి ఈ లక్ష ఎక్కడిది? దేశ ప్రయోజనాలకు హాని అనుకుంటే విదేశీయుల రాకను అధ్యక్షుడు ఆపొచ్చని 1952 వలస చట్టంలో ఒక క్లాజు ఉంది. ఆపగలిగినవాడు డబ్బు తీసుకుని వదలనూ గలడు కదా అని దొర భాష్యం. వాషింగ్టన్‌లో బెరిల్ హోవెల్ అనే జిల్లా జడ్జి డిసెంబర్‌లో దానికి సరేనన్నారు. గడీల పాలన చూసిన సూర్యాపేట తాలూకా ముసలివాళ్లకు ఈ వ్యాఖ్యానం కొత్తగా అనిపించదు.

జన్మతః పౌరసత్వం సంగతీ అంతే. 2025 జనవరి 20న పదవిలోకి వచ్చిన రోజే, వీసాల మీద ఉన్నవాళ్లకు పుట్టే పిల్లలకు పౌరసత్వం లేదని ఉత్తర్వు. అమల్లోకి రావడానికి నెల గడువు. 1868 నాటి 14వ సవరణను ఒక్క కాగితంతో కొట్టేయడమన్నమాట. గడువులోపే సిజేరియన్ చేయమని మన ఆడపిల్లలు డాక్టర్లను అడిగారని వార్తలొచ్చాయి. కాన్పుకు ముహూర్తం పెట్టించుకునే జబ్బు మనకు ఉన్నదే. ఈసారి పంచాంగం వైట్‌హౌస్ రాసింది. మూడో రోజున సియాటిల్ జడ్జి దాన్ని ఆపాడు. రిపబ్లికన్ అధ్యక్షుడు రీగన్ నియమించిన జడ్జి కాబట్టి వామపక్షమని తిట్టడానికీ వీల్లేకపోయింది.

హద్దులు లేవని కాదు. ఉన్నాయి. కాకపోతే మన పాత ఎర్రబస్సులా అంతా అయిపోయాక వస్తాయి. సుంకాలే చూడండి. 1977 నాటి అత్యవసర అధికారాల చట్టంలో సుంకాల ఊసే లేదు. దాన్నే పట్టుకుని 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం బాదాడు. భీమవరం చెరువుల మీద రొయ్య ధర పడింది. కింది కోర్టు మే నెలలోనే తప్పంది, అప్పీలు కోర్టు ఆగస్టులో 7-4తో తప్పంది, సుప్రీంకోర్టు 2026 ఫిబ్రవరి 20న 6-3తో తప్పంది. అదే రోజు దొర 1974 నాటి ఇంకో చట్టం బయటికి తీసి 150 రోజులకు కొత్త సుంకం వేశాడు. పాత సుంకం వాపసు వచ్చినా అది కట్టిన అమెరికా దిగుమతిదారుకే వస్తుంది. అయినకాడికి అమ్ముకున్న రొయ్యల రైతు పేరు ఏ తీర్పులోనూ ఉండదు.

1952లో అధ్యక్షుడు ట్రూమన్ ఉక్కు మిల్లులను స్వాధీనం చేసుకుంటే రెండు నెలలు తిరక్కుండానే సుప్రీంకోర్టు కాదంది. ఆయన మిల్లులు తిరిగి ఇచ్చేశాడు. అదే రోజు ఇంకో చట్టం బయటికి తీయలేదు. పాతకాలపు మనిషి.

శిక్ష సంగతికొద్దాం. అధికారిక హోదాలో చేసిన పనులకు మాజీ అధ్యక్షుడిపై క్రిమినల్ కేసు నడవడం దాదాపు కుదరదని 2024 జులై 1న అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. అభిశంసనతో పదవి పోగొట్టుకున్న అధ్యక్షుడు ఇంతవరకు ఒక్కడూ లేడు. ట్రంప్ రెండుసార్లు గట్టెక్కాడు. ఇక్కడ? హరితహారం మొక్కలు నూటికి 85 బతకకపోతే సర్పంచ్ పదవికే ఎసరని చెప్పారు. సస్పెన్షన్‌కు కలెక్టర్ ఉత్తర్వు చాలు. అంటే ప్రపంచంలో అతి బలవంతుడిని సెనేట్ మూడింట రెండొంతులు కూడితేగానీ కదపలేదు. నెలకు 6,500 గౌరవ వేతనం తీసుకునే మనిషి పదవిని మాత్రం ఒక మేకల మంద మేసేయగలదు.

కనుక మన చట్టాన్ని అమెరికాకు ఎగుమతి చేయాలని నా మనవి. వాన్స్ గారికి జాయింట్ చెక్‌పవర్, వైట్‌హౌస్‌కు ఒక పంచాయతీ కార్యదర్శి, మేరీల్యాండ్ నుంచో వర్జీనియా నుంచో ఒక కలెక్టర్, మాట జారిన ప్రతిసారీ షోకాజ్ నోటీసు. రోజ్ గార్డెన్‌లో పచ్చికను తీసేసి రాళ్లు పరిచాడు కాబట్టి మొక్కల లెక్క మొదటిరోజే తేలిపోతుంది.

ఒక్క జాగ్రత్త. ప్రత్యేకాధికారుల పేజీ మాత్రం చింపి పంపాలి. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల గడువు ముగిస్తే, బీసీ రిజర్వేషన్లు తేలలేదని, కోర్టుల్లో ఉందని చెప్పుకుంటూ 2025 డిసెంబర్ దాకా మనవాళ్లు ఎన్నికలే పెట్టలేదు. ఊళ్లను ప్రత్యేకాధికారులకు అప్పజెప్పారు. చేసిన పనుల బిల్లులు రాక, తెచ్చిన అప్పులకు మిత్తి కడుతూ మాజీ సర్పంచులు ధర్నాలకు తిరిగారు. అధికారానికి హద్దు పెట్టడం కష్టమనిపిస్తే కుర్చీనే ఖాళీగా పెట్టొచ్చని కనిపెట్టిన ఘనతా మనదే. రెండుసార్లకు మించి గెలవకూడదన్న 22వ సవరణ చుట్టూ ఇప్పటికే తిరుగుతున్న మనిషి ఆయన. ఆ పేజీ కంటపడిందా, 2028 నవంబర్‌లో అమెరికాకూ ప్రత్యేకాధికారి పాలన వస్తుంది. ఆ అధికారి ఎవరో చెప్పడానికి గెజిట్ తెరవనక్కర్లేదు.