అవ్వ లెక్క, అయివారి లెక్క

మా ఊరి పేరులోనే బండ ఉంది. అందుకని జడత్వం పాఠం మాకు ప్రత్యేకంగా చెప్పాల్సిన అవసరం లేకపోయింది. "బయటి నుంచి ఏ బలమూ పనిచేయనంత వరకు నిశ్చలంగా ఉన్న వస్తువు నిశ్చలంగానే ఉంటుంది" అని తొమ్మిదో తరగతిలో సార్ చదివి వినిపించగానే, వెనక బెంచీలో మేమంతా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇదేదో మన గురించే రాసినట్టుందే అని. న్యూటన్ ఈ సంగతిని 1687లో పుస్తకంలోకి ఎక్కించాడట. అంతకు సుమారు నూటయాభై ఏళ్ళ ముందు నుంచే హిందూపురం పక్కన లేపాక్షి బసవన్న, ఇరవై ఏడడుగుల పొడవున, ఒకే రాతిలో, మెడలో గంటలతో సహా కదలకుండా కూర్చుని ఆ సూత్రాన్ని పాటిస్తూనే ఉన్నాడు. అచ్చు వేయించుకోలేదు, అంతే తేడా.

గుడిబండ అనగానే బెంగళూరు వాళ్ళు "కొండ మీద కోట ఉంటుందే, అదేనా?" అంటారు. అది చిక్కబళ్ళాపురం వైపు గుడిబండె. శని, ఆదివారాలు బూట్లు కట్టుకుని దాన్నే ఎక్కుతారు. మాది మడకశిర పక్క గుడిబండ. మొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. జిల్లా మారిందే గానీ ఊరు అంగుళం జరగలేదు. కర్ణాటక సరిహద్దు కూతవేటు దూరం కనుక మా ఇంట్లో 'పని', పక్కింట్లో 'కెలస'. ఏ భాషలో అన్నా ఒళ్ళు వంచడమే. ఈ రెండు భాషలకూ అందని పని ఒకటుందని నాకు తెలిసింది ఆ తొమ్మిదో తరగతిలోనే.

పని అంటే బలాన్ని స్థానభ్రంశంతో గుణిస్తే వచ్చేది. సార్ బోర్డు మీద ఇది రాసి, వెళ్ళి గోడను రెండు చేతులా నెట్టారు. మొహం ఎర్రబడింది, నుదుట చెమట పట్టింది. "నేనిప్పుడు ఎంత పని చేశాను?" అన్నారు. చాలా అన్నాం మర్యాదకు. "సున్నా. గోడ జరగలేదు కదా" అన్నారు. తర్వాత ఇంకో మాట అన్నారు, దానితోనే మా ఇంట్లో రభస మొదలైంది. నెత్తిన బరువు పెట్టుకుని చదునైన దారిన ఎంత దూరం నడిచినా, ఆ బరువు మీద జరిగిన పని సున్నా అట. ఎత్తి పట్టుకున్న బలం పైకి, నడక ముందుకు. ఒకదానికొకటి అడ్డంగా ఉన్నాయి కనుక లెక్కలోకి రాదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అవ్వ నెత్తిన ఒక కడవ, చంకలో ఒక కడవతో బావి దగ్గరి నుంచి వస్తోంది.

"అవ్వా, నువ్వు బాయి కాడ నుంచి ఇంటి దాంకా నీళ్ళు మోసేది పని గాదంట."

అవ్వ టక్కున ఆగింది. కడవలో నీళ్ళు ఆగలేదు, ముందుకు తొణికి ఆమె భుజం తడిపాయి. అదీ జడత్వమే, కానీ చెప్పే సమయం కాదు.

"ఎవురన్నారు?"

"మా అయివారు. పుస్తకంలోనే ఉండాది."

"ఆయప్పను ఒగ దినం ఈ కడవెత్తుకోని నడ్సమను. పనో కాదో ఆయప్ప నడుమే చెప్తాది."

అవ్వ నడుము అబద్ధం చెప్పలేదు, సార్ పుస్తకమూ చెప్పలేదు. బరువును ఊరికే పట్టుకుని నిలబడినా కండరాల్లోని పోగులు బిగుస్తూ వదులుతూ లోలోపల శక్తిని ఖర్చు పెడుతూనే ఉంటాయి. ఆ ఖర్చు కడవ ఖాతాలో జమ కాదు, ఒంటి వేడిగా పోతుంది. ఈ సంగతి నాకు తెలిసేసరికి అవ్వతో వాదించే వయసు దాటిపోయింది.

ఈ లెక్క ఒప్పుకుంటే లేపాక్షి వీరభద్రస్వామి గుడి స్తంభాల గతి ఏమిటని నాకు ఇప్పటికీ బెంగ. అయిదు వందల ఏళ్ళుగా రాతి కప్పును మోస్తున్నాయి. కప్పు జరగలేదు, స్తంభమూ జరగలేదు, కనుక చేసిన పని సున్నా. వాటి మధ్య ఒక స్తంభం ఉంది, నేలకు సరిగ్గా ఆనకుండా వేలాడుతుంటుంది. వచ్చినవాళ్ళందరూ ఆ సందులో తువ్వాలు దూర్చి ఇటు నుంచి అటు లాగి, దాని పక్కనే నిలబడి ఫోటో దిగుతారు. బరువు మోసే స్తంభాల వైపు కన్నెత్తి చూసేవాడు లేడు. ఆఫీసులో ఇరవై ఏళ్ళు పనిచేసినవాడిగా నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

అవ్వను శాంతింపజేయాలని మరుసటి రోజు ఇంకో లెక్క తీసుకుపోయాను. మోయడం పని కాకపోతే పోయె, చేదడం ఖచ్చితంగా పనే. నీళ్ళు పైకి వస్తాయి, బలమూ పైకే. మా బావిలో నీళ్ళు ఆరు మట్ల లోతున, అంటే సుమారు పది మీటర్లు. కడవకు పదిహేను లీటర్లు, కనుక పదిహేను కిలోలు. దాన్ని 9.8తో, ఆపైన పదితో గుణిస్తే 1,470 జౌళ్ళు.

"అవ్వా, నువ్వు కడవకు 1,470 జౌళ్ళు చేస్తాండావు."

"జౌళా? జౌళయితే ధర్మవరంలో ఇస్తారు. బాయి కాడ ఎవురిస్తారు?"

జౌల్ అనేది పట్టు కాదనీ, ఇంగ్లండులో బీరు కాచే వ్యాపారస్థుడి కొడుకు పేరనీ చెబితే ఇంకా చెడుతుందని ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి అక్కడితో ఆగితే బాగుండేది. రోజుకు ఇరవై కడవలు, అంటే 29,400 జౌళ్ళు. సైన్సు పుస్తకం వెనక పట్టికలో వంద గ్రాముల రాగుల్లో సుమారు 330 కిలో కేలరీల శక్తి ఉందని ఉంది. జౌళ్ళలోకి మారిస్తే 13 లక్షల 80 వేలు. దాన్ని కడవ లెక్కతో భాగిస్తే సుమారు తొమ్మిది వందల నలభై. అంటే వంద గ్రాముల పిండితో కెలికిన ఒక్క రాగి ముద్ద తింటే తొమ్మిది వందల నలభై కడవలు చేదవచ్చు. అవ్వ చేదేది ఇరవై. తినేది రెండు ముద్దలు. నేను పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "సైన్సు ప్రకారం నీకు ముద్ద ఎక్కువైతాండాది అవ్వా" అన్నాను.

ఇందులో తప్పు నాకు తర్వాత తెలిసింది. మనిషి కండరం తిన్న శక్తిలో నాలుగో వంతు కూడా పనిగా మార్చలేదు, మిగతాది వేడి. గుండె కొట్టుకోవడానికి, ఒళ్ళు వెచ్చగా ఉండటానికి, మనవడి మాటలు సహించడానికి కూడా ముద్దలోంచే పోవాలి. ఇవేవీ తెలియకుండానే అవ్వ ఆ రాత్రి సమాధానం చెప్పింది. నా తట్టలో ఉసిరికాయంత ముద్ద పడింది.

"ఇదేందవ్వా?"

"ఈ దినం ఎన్ని కడవలు చేదినావు?"

"ఒగటీ లేదు. బడికి పోయొస్తి గదా."

"పొద్దున యాడ నుంచి పోతివి?"

"ఇంటి నుంచి."

"మాపుసారి యాడికొస్తివి?"

"ఇంటికే."

"నువ్వే చెప్తివి గదరా మొన్న. బయలెల్లిన తావుకే తిరిగొస్తే ఆ స్థానమో బ్రమ్మమో సున్న అని."

స్థానభ్రంశం గురించి అంత స్పష్టంగా మా తరగతిలో ఎవరికీ అర్థం కాలేదు. మా సార్ వినుంటే మొదటి మార్కు అవ్వకే వేసేవారు. నేను ఉసిరికాయ మింగి పడుకున్నాను.

చాలా ఏళ్ళ తర్వాత తెలిసిన విశేషం ఏమిటంటే, ఈ లెక్కలన్నీ పుట్టిందే నీళ్ళు చేదే దగ్గర. గనుల్లో ఊరే నీళ్ళను పైకి తోడటానికి ఇంజన్లు వచ్చాయి. ఏ ఇంజను ఎంత బరువును ఎంత ఎత్తుకు లేపిందన్నదే వాటి కొలత. జేమ్స్ వాట్ దానికి గుర్రాన్ని జోడించి, నిమిషానికి 33,000 పౌన్లను ఒక అడుగు ఎత్తగలిగితే అది ఒక గుర్రం శక్తి అన్నాడు. మన లెక్కలో 746 వాట్లు. 1829లో కొరియోలిస్ అనే ఫ్రెంచి పెద్దమనిషి ఈ గుణకారానికి 'పని' అని పేరు పెట్టాడు. ఆయన యంత్రాల కోసం పెట్టిన పేరు చివరికి మా అవ్వ నడుము మీద పడింది. నిమిషానికో కడవ చేదే అవ్వ శక్తి ఇరవై నాలుగున్నర వాట్లు, అంటే గుర్రంలో ముప్పయ్యో వంతు. ఈ సంగతి మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉసిరికాయ ఇంకా గుర్తుంది.

మా తాత కపిల తోలేవాడు. చూడనివాళ్ళ కోసం చెబుతాను. బావి గట్టు నుంచి కిందికి వాలుగా దారి తవ్వి ఉంటుంది. ఎద్దులు ఆ వాలులో దిగుతుంటే మోకు లాగబడి బావిలోంచి నీళ్ళ బాన పైకి వస్తుంది. గట్టు మీదికి రాగానే తొండం గుండా నీళ్ళు కాలవలోకి పోతాయి. వాలు ఎందుకంటే, ఎద్దులు కండబలంతోపాటు ఒంటి బరువును కూడా లాగుడుకు వాడుకుంటాయి. తాత అంతకంటే తెలివైనవాడు, ఎద్దులు కదలగానే ఎగిరి మోకు మీద కూర్చునేవాడు. ఆయన బరువు కూడా నీళ్ళను పైకి లాగేది. కూర్చుని చేసే పని అంటే నాకు తెలిసినంతలో అదొక్కటే. సార్ లెక్కలో అది నూటికి నూరుపాళ్ళు పని. ఊరికే రాదులెండి, ఎద్దులూ తాతా మళ్ళీ వాలెక్కి పైకి పోవాలి, దిగేటప్పుడు ఇచ్చిందంతా ఎక్కేటప్పుడు కట్టాలి. కానీ అవ్వకు ఆ రెండో సగం అక్కర్లేదు. "మీ తాత కూకోని కూకోని పని చేసినాడు. నేను నడ్సి నడ్సి సున్న చేసినా. బాగుండాది మీ పుస్తకం."

ఇక నా సొంత ప్రయోగం ఒకటుంది. వస్తువు ఎత్తున ఉంటే దానికి స్థితిశక్తి, కదులుతుంటే గతిశక్తి. ఘర్షణ లేకపోతే ఈ రెండూ కలిపిన మొత్తం మారదు, స్థితి తగ్గినంతా గతి పెరుగుతుంది. అయిదు మీటర్ల ఎత్తు నుంచి జారితే కింద వేగం ఎంతో సార్ కట్టి చూపించారు. గంటకు దాదాపు ముప్పై ఆరు కిలోమీటర్లు. మాకు నచ్చిందేమంటే, ఆ సమీకరణంలో బరువు రెండు వైపులా ఉండి కొట్టుకుపోయింది. సన్నవాడైనా లావువాడైనా ఒకటే వేగం. మా చెరువు కట్ట నుంచి చేలలోకి దిగే దారి అటూ ఇటుగా అంతే ఎత్తు. నా స్నేహితుణ్ణి ఊరంతా బండోడు అనేది, ఊరి పేరు వాడి ఒక్కడికే సార్థకమైందని. వాణ్ణి క్యారియరు మీద ఎక్కించుకుంటే వేగం పెరగదని సార్ చెప్పారు కనుక, ప్రమాదం కూడా పెరగదని నేను తీర్మానించాను. సైకిలుకు బ్రేకు రబ్బర్లు అరిగిపోయి చాలా కాలమైంది.

వేగం నిజంగానే పెరగలేదు. నేనొక్కణ్ణే దిగినప్పుడు ఎంతో అంతే. కానీ మోసుకొచ్చే శక్తి రెట్టింపైంది. ఒంటరిగా నేనూ సైకిలూ కలిసి అరవై కిలోలు, వాడితో కలిపి నూట ఇరవై. వేగం కొట్టేసిన బరువును శక్తి కొట్టేయలేదు, రాసిపెట్టుకుంది. అప్పుడే నీళ్ళు కట్టిన రాగి మడిలోకి మేం దూసుకుపోయాం. 1720ల్లో హాలెండులో గ్రావెసాండె అనే ఆయన ఇత్తడి గుండ్లను మెత్తటి బంకమట్టిలోకి జారవిడిచి, వేగం రెండింతలైతే గుంత నాలుగింతల లోతు పడుతుందని చూపించాడు. ఆయన గుండ్లకు నోరు లేదు, ఆయన మట్టికి సొంతదారు లేడు. మా శక్తిలో కొంత మడి చీలడానికి పోయింది, కొంత శబ్దంగా మారింది (అందులో ఎక్కువ భాగం బండోడి గొంతులోంచి), మిగిలింది మడి గలాయన చేతిలోని చింత బరికె ద్వారా మా వీపులకు చేరింది. శక్తి నశించదు. రాత్రి మా నాయన "ఇంటి స్థితి చూసుకోకుండా తిరిగేవానికి ఇదే గతి" అన్నాడు. ఆయన ఫిజిక్సు చదవలేదు.

చివరికి ఊళ్ళో ఓవర్‌హెడ్ ట్యాంకు, వీధుల్లో కొళాయిలు వచ్చాయి. బావి ఎండిపోయింది. నీళ్ళు ఆరొందల అడుగుల కిందికి దిగాయి. నేను బెంగళూరు నుంచి పండగకు వెళ్ళినప్పుడు అవ్వ అరుగు మీద కూర్చుని, కొళాయి కింద నిండుతున్న బిందెను చూస్తోంది. నాకు పాత జబ్బు తిరగబెట్టింది. ఆరొందల అడుగులంటే నూట ఎనభై మీటర్లు. అదే పదిహేను లీటర్లకు ఇప్పుడు 26 వేల జౌళ్ళ పైనే, అవ్వ చేదినదానికి పద్దెనిమిది రెట్లు.

"అంత లోతు నుంచి ఎవురు చేదుతాండారు?" అంది అవ్వ.

"కరెంటు."

"కరెంటుకు ముద్ద ఎవురు పెడతాండారు?"

ఇన్నేళ్ళలో మా సార్ కూడా వేయని ప్రశ్న. శ్రీశైలంలో నీళ్ళు పై నుంచి దూకి కొంత పెడతాయని చెప్పాను. మన రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగి కొంత పెడతాయన్నాను. "కడప జిల్లాలో బొగ్గు మండించి కొంత తీస్తారవ్వా."

"కడపలో యావూరు?"

"ముద్దనూరు."

అవ్వ కొళాయి కట్టేసి, నా వైపు చూసింది.

"అట్ల చెప్పు మరి. ఊరి పేరులోనే ఉండాదే."