పెద్ద ఏబీసీడీలు, చిన్న బతుకులు

కడప జిల్లా చాపాడు బడిలో పిల్లోడు ఏబీసీడీలు రెండుమార్లు దిద్దుతాడు. పెద్దవి ఒకమారు, చిన్నవి ఒకమారు. మన అఆలకు ఆ పీడ లేదు. సర్లే, దిద్దాడు. ప్రొద్దుటూరులో ఇంజినీరింగు చదివాడు, హైదరాబాదులో కొలువు కొట్టాడు. తీరా అక్కడా ఏబీసీడీలే!

పైథాన్‌లో ఫంక్షన్ పేరంతా చిన్నక్షరాల్లో ఉండాలి, మాటకూ మాటకూ నడుమ అండర్‌స్కోర్. జావాలోనైతే రెండో మాట మొదటి అక్షరం లేచి నిలబడాలి. గీత దాటితే, కోడ్‌లో రాత తప్పులు పట్టే లింటర్ గేటు దగ్గరే ఆపేస్తుంది.

ఆపనీ. ఆ కట్టడి ఊరికే పుట్టలేదు. ఫైలు పేరులో ఒక్క అక్షరం పెద్దదైతే విండోస్ చూసీచూడనట్టు పోతుంది. లినక్స్ సర్వరు మాత్రం ‘ఆ ఫైలు ఎవరో నాకు తెలీదు’ అంటుంది. కోడ్ ఒకే తీరుగా, చదవను వీలుగా ఉండాలని పైథాన్ పెద్దలు 2001లోనే పెప్ 8 అనే నియమావళి రాసుకున్నారు. నియమం కోసం నడుస్తున్న పాత కోడ్‌ను చెడగొట్టొద్దనీ అందులోనే రాశారు. మన మేనేజర్లు ఆ పేరా చదివితే ఒట్టు!

జూనియర్ కోడ్‌కు సవాలక్ష వంకలు. మరి సారు అర్ధరాత్రి ‘అర్జెంట్’ అంటూ తోసిన కోడ్‌కో? లింటర్ బంద్! పాస్‌వర్డ్ కోడ్‌లోనే పచ్చిగా పడుంటే అడిగే నాథుడు లేడు. అక్షరం లేచిందా, పడుకుందా అన్నదొక్కటే దేశ సమస్య.

ఇక ఆ పిల్లోడి నాయన సంగతి. ఆయన పేరుకు ఆధార్‌లో ఒక స్పెల్లింగు, బ్యాంకులో ఇంకొకటి, భూమి పాసుపుస్తకంలో మూడోది. పీఎం కిసాన్ రెండు వేలు ఆగాయి. ఆ పేరు కొట్టింది ఎవరు? ఆయన కాదు. మీసేవ చుట్టూ తిరిగేది ఎవరు? ఆయనే. చేను వదిలి, చార్జీలు పెట్టుకుని.

మరి ఏలినవారో? 2005లో కడప ఇంగ్లిషు స్పెల్లింగు మార్చారు. 2010లో వైఎస్సార్ జిల్లా అన్నారు. 2025లో వైఎస్సార్ కడప జిల్లా అన్నారు. జిల్లా పేరు ఎన్నిమార్లు మార్చినా ‘మిస్‌మ్యాచ్’ రాదు. రైతు ఇంటిపేరు ముందుంటే వస్తుంది, వెనకుంటే వస్తుంది!

అయ్యల్లారా, లింటర్ పెట్టండి. కాదనేదెవరు? ముందు సారు కోడ్‌కు పెట్టండి. తర్వాత సర్కారు రికార్డులకు పెట్టండి. మీ కంప్యూటర్‌లో తప్పుపడ్డ పేరును మీరే, మీ ఖర్చుతో, రైతు గడప దగ్గరికొచ్చి దిద్దిపోండి.