ఫుల్ ట్యాంక్ మహోత్సవం

చమురు తగ్గిపోతే ప్రపంచం ఏం చేస్తుందోనని మేధావులు బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నారు. అంత అవసరం లేదు. 1973లోనే అది చేసి చూపించింది.

ఆ అక్టోబరులో అరబ్ దేశాలు కుళాయి బిగించగానే కొద్ది నెలల్లో ధర దాదాపు నాలుగింతలైంది. క్రమశిక్షణకు పెట్టింది పేరైన జపాన్‌లో జనం క్యూ కట్టారు. బంకుల ముందు కాదు, టాయిలెట్ పేపర్ కోసం! చమురు కరువైతే కాగితమూ దొరకదని పుకారు. నిజానికి కాగితానికి లోటు లేదు. జనం ఎగబడ్డాకే వచ్చింది.

మన ఢిల్లీ ఇంకా ఘనం. పొదుపు నేర్పడానికి ప్రధాని ఇందిరాగాంధీ గుర్రపు బగ్గీ ఎక్కారు. పెట్రోలు ధర పెంచినందుకు మండిపడుతూ వాజపేయి ఎడ్లబండి మీద పార్లమెంటుకొచ్చారు. అధికారపక్షానికి గుర్రం, ప్రతిపక్షానికి ఎడ్లు! సభలో ఏ పంపకమూ ఇంత సామరస్యంగా జరిగి ఉండదు.

అమెరికాలో అధ్యక్షుడు కార్టర్ 1979లో వైట్‌హౌస్ కప్పు మీద సౌర ఫలకాలు పెట్టించి నీళ్లు కాచుకున్నాడు. 1986లో, రేగన్ హయాంలో, కప్పు మరమ్మతులకని దింపినవి మళ్లీ పైకెక్కలేదు. ఆ ఏడాదే చమురు ధర కుప్పకూలింది మరి. పెట్రోలు చవకైతే సూర్యుడితో పనేముంది?

మనమేం తక్కువ తినలేదు. 2024 జనవరి 2న హైదరాబాద్‌లో చమురు అయిపోలేదు, డ్రైవర్ల ఆందోళనతో ట్యాంకర్లు ఆగాయంతే. బంకుల ముందు క్యూలు రోడ్డెక్కాయి. ముప్పాతిక ట్యాంకు ఉన్నవాడు కూడా 'ఫుల్ కొట్టన్నా' అనేవాడే. చంచల్‌గూడలో ఓ ఫుడ్ డెలివరీ కుర్రాడు మాత్రం గుర్రమెక్కి పార్సిల్ పట్టుకెళ్లాడు. వీడియో చూసి నగరమంతా నవ్వింది. ఆ రోజు పెట్రోలు లేకుండా పని కానిచ్చినవాడు అతనేనని ఎవరికీ తట్టలేదు. రాత్రికి చర్చలు ఫలించాయి, తెల్లారి మనమంతా మళ్లీ ఫ్లైఓవర్ మీద ఆగిపోయాం, ఈసారి ఫుల్ ట్యాంకుతో.

దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. గుర్రాలు అందరికీ ఎలాగూ సరిపోవు. కాబట్టి ఏలినవారికి ఒకటే మనవి: తర్వాతి ఫ్లైఓవర్‌కు శంకుస్థాపన చేసే ముందు మెట్రో స్టేషన్ దాకా నడవడానికి ఇంత ఫుట్‌పాత్ వేయించండి, సిటీ బస్సులు నాలుగు పెంచండి.