డాన్ పగలగొట్టిన కుండ

‘మ్యాడ్ మెన్’ అభిమానులు డాన్ డ్రేపర్‌కి ఇంకా గుడి కట్టలేదు. మిగతా సేవలన్నీ జరిగిపోయాయి. 2009లో బ్రూక్స్ బ్రదర్స్ ఆ సీరియల్ పేరు పెట్టి సూటు కుట్టి అమ్మింది. 2010లో మాటెల్ కంపెనీ డాన్, బెట్టీ, జోన్, రోజర్‌లను బార్బీ బొమ్మలుగా చేసింది. బొమ్మలతో సిగరెట్లు, మందు గ్లాసులు మాత్రం ఇవ్వలేదు. ఆ రెండూ తీసేస్తే ఆ సీరియల్ ఆఫీసులో మిగిలేది కుర్చీలే కదా అని ఎవరూ అడిగినట్టు లేదు.

చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. 2007 నుంచి 2015 దాకా అమెరికాలో ఏఎంసీ చానెల్లో వచ్చిన సీరియల్ ఇది. ఏడు సీజన్లు, 92 ఎపిసోడ్లు. 1960 నుంచి 1970 దాకా న్యూయార్క్ మాడిసన్ ఎవెన్యూలో ఒక ప్రకటనల కంపెనీ కథ. హీరో అసలు పేరు డిక్ విట్‌మన్. కొరియా యుద్ధంలో చనిపోయిన అధికారి పేరు తగిలించుకుని డాన్ డ్రేపర్ అయ్యాడు. అంటే మనిషే ఒక ప్రకటన. పై మెరుగు చూసి మోసపోవద్దని కథ పదేపదే చెబుతుంటే, అభిమానులు శ్రద్ధగా విని, ఆ మెరుగు ఏ షాపులో దొరుకుతుందో కనుక్కోవడానికి బయల్దేరారు.

పాత్రల మీద వీళ్ల చర్చలు వింటుంటే మన సామెత గుర్తొస్తుంది: అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ. ఇక్కడ అత్తగారి స్థానం డాన్‌ది, కోడలి స్థానం ఆయన భార్య బెట్టీది.

మొదటి సీజన్లో కూతురు శాలీ పుట్టినరోజు. కేకు తెస్తానని కారెక్కిన డాన్ రాడు. పిల్లలు ఎదురు చూస్తుంటే, పొరుగింటి విడాకులావిడ తన ఫ్రీజర్లో ఉన్న కేకు తెచ్చి ఆ పూట గట్టెక్కిస్తుంది. రాత్రికి నాన్నగారు ఓ కుక్కను వెంటబెట్టుకుని దిగుతారు. అభిమానుల తీర్పు: ‘పాపం, లోలోపల ఎంత బాధ ఉందో!’ నాలుగో సీజన్లో శాలీ కత్తెరతో తన జుట్టు తనే కత్తిరించుకుంటుంది, బెట్టీ చెంప పగలగొడుతుంది. తీర్పు: ‘రాక్షసి తల్లి.’ తప్పే, కాదనను. కానీ జుట్టు తెగింది ఎవరింట్లో? విడాకుల తర్వాత పిల్లల్ని డాన్ తన దగ్గరికి తెచ్చుకున్న రాత్రి. ఆయన ఎవరితోనో బయట భోజనానికి వెళ్లాడు, పిల్లల్ని పక్కింటావిడకు అప్పగించి. ఈ సంగతి మాత్రం ఎవరి జ్ఞాపకంలోనూ ఉండదు.

ఇంతకన్నా రుచికరమైనది ఇంకొకటుంది. బెట్టీకి చేతులు మొద్దుబారిపోతుంటే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతారు. ఆ డాక్టరు ఆమె లోపల చెప్పుకున్నదంతా రాత్రిపూట ఫోన్లో మొగుడికి అప్పజెబుతుంటాడు. చిన్నపిల్ల మనస్తత్వం అని తేలుస్తాడు. 1960 నాటి వైద్యం ఎంత ఘోరంగా ఉండేదో చూపించడానికే ఆ సన్నివేశాలు. ఇప్పటి అభిమానులు బెట్టీ గురించి ఏమంటారు? ‘ఎదగని పిల్ల’ అంటారు. డాక్టరైనా నయం, ఫీజు తీసుకుని అన్నాడు.

‘ఆ కాలం అలాంటిది, ఇప్పటి కొలతలతో చూడకూడదు’ అని వెంటనే ఒక వాదన వస్తుంది. సరే, చూడొద్దు. మరి ఆ కాలం డాన్ ఒక్కడిదేనా? బెట్టీ ఏ సంవత్సరంలో బతికింది? అదే ఆఫీసులో పనిచేసే పీట్ క్యాంప్‌బెల్ ఏ సంవత్సరంలో బతికాడు? పీట్ దుర్మార్గాలకు లోటు లేదు గానీ, నల్లవాళ్లు కూడా టీవీలు కొంటారు, వాళ్లకూ ప్రకటనలు వేద్దామని ఆ ఆఫీసులో నోరు తెరిచింది అతనే. అయినా భార్యను మోసం చేయడం పీట్ చేస్తే నీచం, డాన్ చేస్తే లోతు. తేడా అంతా దవడలో, జుట్టులో ఉంది.

ఇక పరిశోధక భక్తులు వేరే జాతి. టైటిల్స్‌లో భవనం మీంచి పడిపోయే మనిషి బొమ్మ ఉంది కాబట్టి డాన్ కిటికీలోంచి దూకుతాడన్నారు. దూకలేదు. రెండో భార్య మేగన్, హత్యకు బలైన నటి షారన్ టేట్ ఫొటోలో ఉన్నటువంటి ఎర్ర నక్షత్రం చొక్కా వేసుకుంది కాబట్టి హత్యకు గురవుతుందన్నారు. కాలేదు. చివరికి డాన్ 1971లో విమానం హైజాక్ చేసి పారాచూట్‌తో దూకిన డి.బి. కూపర్‌గా మారతాడన్నారు. ఆఫీసులో రెండు కాఫీ కప్పులు పట్టుకుని తిరిగే బాబ్ బెన్సన్‌ను గూఢచారిని చేశారు. తీరా చూస్తే అతను లేని అనుభవం చెప్పుకుని ఉద్యోగంలో చేరిన మామూలు మనిషి. హీరోగారు డాన్ ఎలా అయ్యారో మళ్లీ చెప్పాలా? చొక్కా మీద నక్షత్రం కనిపించే కళ్లకు ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగిని కనిపించదు.

ఆ ఉద్యోగిని పెగ్గీ ఓల్సన్. సెక్రటరీగా చేరి కాపీరైటర్ అయింది. నాలుగో సీజన్లో ‘ది సూట్‌కేస్’ ఎపిసోడ్ రోజు ఆమెకు 26 ఏళ్లు నిండాయి. హోటల్లో ప్రియుడు కాచుకుని ఉంటే, డాన్ ఆమెను ఆఫీసులో కట్టిపడేస్తాడు. గ్లో-కోట్ ప్రకటన ఆలోచనకు బీజం తనదైతే క్లియో అవార్డు మీకొచ్చింది, ఒక్కసారైనా థాంక్స్ అన్నారా అని ఆమె నిలదీస్తుంది. జీతం ఇచ్చేది అందుకేగా అని ఆయన అరుస్తాడు. ఈ అరుపునే కత్తిరించి మీమ్‌లుగా తిప్పారు, పెద్ద మేనేజ్‌మెంట్ సూత్రంలా. ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం కత్తెర అవతల వదిలేశారు.

ఐదో సీజన్లో జాగ్వార్ కారు కాంట్రాక్టు కోసం ఆఫీసులో పనిచేసే జోన్‌ను ఒక డీలరు పక్కలోకి పంపడానికి భాగస్వాములు బేరమాడతారు. డాన్ వద్దని చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్తాడు. అప్పటికే జరిగిపోయింది. ‘చూశారా, మావాడు బంగారం’ అని భక్తులు కళ్లొత్తుకుంటారు. అదే ఎపిసోడ్లో మావాడు పెగ్గీ ముఖాన నోట్లు విసిరికొట్టాడు. చివర్లో ఆమె ఉద్యోగం వదిలి వెళ్లిపోయింది. అడుగోటి కుండే కదా, లెక్కెందుకు?

చివరి ఎపిసోడ్ సంగతి సరేసరి. కాలిఫోర్నియా కొండమీద డాన్ కళ్లు మూసుకుంటాడు, చిరునవ్వు నవ్వుతాడు, వెంటనే 1971 నాటి నిజమైన కోకాకోలా ప్రకటన వస్తుంది. ఆయనకు శాంతి దొరికిందా లేదా అని ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. దొరికే ఉంటుంది. దాన్ని సీసాలో పోసి అమ్మాడు కూడా.

మీ ఆఫీసులో ఎవరైనా డాన్‌ను ఆదర్శమంటే ఒక్క ప్రశ్న వేయండి. నాలుగో సీజన్లో క్రిస్మస్ పార్టీ అయ్యాక ఆయన తన ఇంట్లో ఒక సెక్రటరీతో గడిపి, మర్నాడు ఏమీ జరగనట్టు బోనస్ కవరు చేతిలో పెట్టాడు. కొన్నాళ్లకు ఆ అమ్మాయి బల్లమీది వస్తువు విసిరేసి ఉద్యోగం మానేసింది. ఆమె పేరేమిటని అడగండి. పేరు ఆలిసన్. వాళ్లకు సూటు కొలతలు గుర్తుంటాయి.