గద్వాల ఎక్కడిదాకా?

పెళ్లిళ్ల సీజన్ మొదలైతే చాలు, గద్వాల పెరిగిపోతుంది. 2016లో సర్కారు జోగులాంబ గద్వాల జిల్లాకు ఎల్లలు గీసిందే గానీ, చీరల కొట్లవాళ్లకు ఆ పటం అందినట్టు లేదు. ఏ ఊరి మరమగ్గం మీద దిగిన చీరైనా వాళ్ల లెక్కలో గద్వాలే. కాస్త పాపభీతి ఉన్నవాళ్లు ‘గద్వాల్ మోడల్’ అంటారు, ఇంకాస్త ఉన్నవాళ్లు ‘సెమీ గద్వాల్’ అంటారు. సంప్రదాయ గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండంచులకు రెండు, ఒంటికి ఒకటి, మూడు నాడెలు ఆడించి, నూలు పోగునూ పట్టు పోగునూ చేత్తో మెలేసి కలుపుతారు. చీర తిరగేసి అంచు మొదట్లో చూస్తే ఆ కలయిక కనబడుతుంది. కనబడకపోతే కొట్టువాడి ఒట్టే దిక్కు.

ఒట్ల సంగతి వచ్చింది కాబట్టి, మన బోర్డుల గురించి చెప్పుకోక తప్పదు. ఒక కొట్టు నాలుగు డబ్బులు చూసిందంటే పక్కనే అదే పేరుతో ‘న్యూ’ వెలుస్తుంది. దాంతో మొదటివాడు ‘ఓల్డ్’ అవుతాడు. ఎదురుగా ‘ఒరిజినల్’ లేస్తుంది, దాని పక్కన ‘అసలైన ఒరిజినల్’. చివరికి అందరూ కలిసి ‘మాకు ఎక్కడా బ్రాంచీలు లేవు’ అని రాయించుకుంటారు, ఒకే పెయింటరు చేత. కొందరు పేరు చివర బుల్లి అక్షరాలతో టీఎం అని పెడతారు. దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. సున్నాలో ఆర్ పెట్టాలంటే మాత్రం రిజిస్టరు కావాలి. కొనేవాళ్లలో ఈ తేడా చూసేదెవరు?

చట్టం లేదా అంటే, నిక్షేపంగా ఉంది. ట్రేడ్‌మార్కుల చట్టం, భౌగోళిక సూచికల (జీఐ) చట్టం రెండూ 1999లో పుట్టి, 2003 సెప్టెంబరు 15న ఒకే రోజు అమల్లోకొచ్చాయి. గద్వాల చీర తెలంగాణ రాకముందే జీఐ కింద నమోదైంది. ఆ పేరు దొంగతనంగా తగిలిస్తే ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. మరి పోలీసులకు చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. కానీ సోదాకు డీఎస్పీకి తగ్గని అధికారి రావాలి, వచ్చేముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి. జీఐ రిజిస్ట్రీ ఉన్నది చెన్నైలో. అక్కడినుంచి జాబు వచ్చేసరికి పెళ్లికూతురు అత్తారింటికి వెళ్లిపోయి ఉంటుంది.

పేదింటి పిల్ల చౌకలో గద్వాల అంచు కట్టుకుంటే నీకేం నొప్పి అని అడగొచ్చు. ఏమీ లేదు. చౌక చీర అమ్మొద్దని చట్టం అనలేదు, ఆ పేరు పెట్టి అమ్మొద్దంది. ఆ అంచు చూసి ముచ్చటపడి కొనేవాళ్లు, అది నేసిన ఊరి పేరు పెట్టి అమ్మినా కొంటారు. ఇక కంపెనీలు తమ పేరు కాపాడుకోవడం లేదా అన్నది రెండో మాట. కంపెనీకి పేరు సొంత ఆస్తి. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, దావా వేయడానికి జీతమిచ్చి లాయర్ని పెట్టుకోవచ్చు. జీఐ పదిమంది సొత్తు. దాన్ని అమ్మడానికి, తాకట్టు పెట్టడానికి, లైసెన్సుకివ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఒప్పుకోకపోవడమే సబబు కూడా, లేకుంటే ఊరి పేరు ఎప్పుడో వేలంలో పోయేది. కానీ ఫలితం చూడండి: గద్వాల జిల్లా రాజోలి నేతగాడు ఆ పేరును కుదువ పెట్టి నూలు తెచ్చుకోలేడు, దాంతో ఏ సంబంధమూ లేనివాడు రోజూ అమ్ముకుంటాడు.

ఎంత గొణిగినా, నకిలీ మీద కోపం తెచ్చుకోవడం సులువు. అసలు చీర ధర విని మొహం చిట్లించేదీ మనమే. కొడుకుని మగ్గం గుంటలో కూర్చోబెట్టాలా వద్దా అని నేతగాడు వేసుకునే లెక్కలో సెక్షన్లు రావు, కూలి వస్తుంది. ఆ లెక్క తేలకపోతే, నకిలీలన్నీ పట్టుబడే రోజుకు అసలుది నేసేవాళ్లూ ఉండకపోవచ్చు.