పదహారు రీళ్ల బాబాయి

నరసరావుపేట, మాచర్ల, గురజాలల్లో ఏ పాత సినిమా హాలు ఆపరేటర్నయినా ఫలానా సినిమా ఎలా ఉందని అడిగి చూడండి. కథ చెప్పడు, హీరో పేరెత్తడు. "16 రీళ్లు. ఎనిమిదో రీల్లో మూడు అతుకులు" అంటాడు. ఆయన సమీక్ష అంతే.

వెయ్యడుగుల రీళ్లు రెండేసి కలిపి ఎక్కిస్తే 22 నిమిషాలకు అయిపోతాయి. అందుకే క్యాబిన్లో రెండు మిషన్లు. ఒకటి ఆడుతుండగానే రెండోదానికి ఫిల్ము ఎక్కించి, కార్బన్ కడ్డీలు బిగించి కాచుకోవాలి. తెర కుడి పైమూలన చిన్న చుక్క మెరవగానే మోటారు, ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క పడగానే బొమ్మ మార్పు. 1966 నాటి 'పల్నాటి యుద్ధం'లో జనమంతా నాగమ్మ వేషంలోని భానుమతిని చూస్తుంటే మన ఆపరేటరు బాబాయి చూసేది చుక్కల్నే. పల్నాట పుట్టి కూడా కోడిపందెం సీను ఆయన పూర్తిగా చూడలేదు. ఆ టైముకి కార్బన్ సర్దుతున్నాడు!

ఫిల్ము గేటు దగ్గర సాఫీగా జారదు, సెకనుకు 24 సార్లు ఆగి ఆగి దూకుతుంది. దూకేటప్పుడు షట్టర్ వెలుగును మూసేస్తుంది. ఆ కుదుపుకి తెగకుండా గేటుకి పైనా కిందా ఫిల్మును కాస్త వదులుగా వంచి పెడతారు. అదే లూపు. సౌండు బొమ్మకన్నా 20 ఫ్రేములు ముందుంటుంది కాబట్టి, కింది లూపు కొలత తప్పితే హీరోయిన్ పెదవులు ఒకటి పలుకుతాయి, స్పీకరు ఇంకోటి పలుకుతుంది.

పల్నాట వానలు తక్కువ గానీ, తెర మీద వానకు కొదవలేదు. బెజవాడలో బయల్దేరిన ప్రింటు ఊరూరా ఆడి మాచర్ల చేరేసరికి ఒంటినిండా గీతలే. ఇక ఫిల్ము తెగిందా, నేల క్లాసు వాళ్లు బాబాయి వంశాన్నంతా తలుచుకుంటారు. ఆయన చలించడు. బ్లేడుతో అంచు గీకి, ఫిల్ము అతికించే సిమెంటు రాసి, వేళ్లతో నొక్కిపట్టి "ఆగండెహె!" అని గోడకి చెబుతాడు. కత్తిరించి పారేసిన ఒకటిన్నర అడుగు సరిగ్గా ఒక సెకను. అలా పదిసార్లు తెగిన ప్రింటులో గుమ్మంలో ఉన్న హీరో రెప్పపాటులో మంచం మీద తేలతాడు. జనం దాన్ని ఎడిటింగ్ అనుకుంటే బాబాయి కాదనడు.

ఇప్పుడు రీళ్ల డబ్బాలు పోయి హార్డ్‌డిస్కు వచ్చింది. దాన్ని తెరిచే డిజిటల్ కీకి ఫలానా టైమంటూ ఉంటుంది. ఆ టైము రాకుండా ఎన్నిసార్లు నొక్కినా బొమ్మ పడదు. బ్లేడూ సిమెంటూ ఇక్కడ పనికిరావు. అయినా బొమ్మ ఆగితే జనం వెనక్కి తిరిగి కేకేసేది ఆపరేటర్నే. సర్వర్ని ఇంతవరకూ ఎవరూ తిట్టలేదు.