రథం టాపు

1982లో ఎన్టీఆర్ పాత షెవ్రొలే వ్యానుని చైతన్య రథం చేసి, కొడుకు హరికృష్ణ తోలుతుంటే ఊళ్ళన్నీ తిరిగారు. అప్పట్నుంచీ మన నాయకులకి చక్రాల మీద ఓ ఇల్లు లేకపోతే ఎన్నికలు ఎన్నికల్లా అనిపించవు. పల్నాటి నాయకుడొకాయన కూడా పాత మినీ బస్సు కొని, లోపల మంచం, వాష్ బేసిన్ పెట్టించి, నిలబడి చేతులూపడానికి టాపులో కంత కోయించుకున్నాడు. గురజాల సభ ముగించుకుని అందులోనే పడుకుంటే, అర్ధరాత్రి వానకి సరిగ్గా బొట్టు పెట్టుకునే చోట చుక్క పడింది.

తెల్లారేసరికి బండి నరసరావుపేటలో ఓ షెడ్డుకి చేరింది.

"ఈ కంత చుట్టూ కాస్త సిలికాన్ పుయ్యవయ్యా. సాయంత్రానికి మాచర్ల పోవాలి."

"నీళ్ళు దిగేది ఒకచోట, కారేది ఇంకోచోట బాబుగారూ" అంటూ మేస్త్రి నీళ్ళ పైపు అందుకున్నాడు. కింది అతుకు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే తడుపుకుంటూ పైకి పోయాడు. పైనుంచి కొడితే నీళ్ళు అన్ని అతుకుల మీదా పారతాయి, దొంగ ఏదో తేలదు. కంత దాకా పోనేలేదు, ముందువైపు రేకుల అతుకు దగ్గరే దొరికింది. బండి వాలుగా ఆగితే అక్కడ దిగిన నీళ్ళు ఫ్రేము వెంట జారి, మంచం మీదికొచ్చి తేలుతున్నాయి.

పాత సిలికాన్‌ని పొట్టు మిగలకుండా గీకాడు. దానిమీద కొత్తది అంటుకోదు. పైపై పూతలు రెండో వానకే లేచిపోయేది అందుకే. తుప్పు రివెట్లు పీకి, రేకు కింద బ్యూటైల్ టేపు పరిచి, కొత్త రివెట్లు కొట్టి, అంచు వెంట పాలీయూరితేన్ సీలెంట్ పట్టించాడు. రాయిలా గట్టిపడే పుట్టీ పెట్టమంటే మాత్రం ఒప్పుకోలేదు. ఈ ఎండలకి రేకు పగలు సాగుద్ది, రాత్రి ముడుచుకుద్ది, దాంతోపాటు సాగే సరుకే నిలబడుద్ది అన్నాడు. (రాజకీయాలకీ పనికొచ్చే మాటే గానీ, ఆయన అన్నది రేకు గురించే.)

మాచర్ల ప్రయాణం మర్నాటికి పడింది. అయితేనేం, అరగంట సేపు నీళ్ళు కొట్టినా లోపల చెమ్మ లేదు. నాయకుడు ముచ్చటపడిపోయాడు.

"ఇంత పనోడివి, మీ ఇంటి టాపు ఎంత భద్రంగా ఉంటుందో!"

"అదంతా మీ చలవే బాబుగారూ."

నాయకుడు పక్కనున్న విలేకరి వంక చూశాడు, రాసుకో అన్నట్టు. "పోయిన ఎన్నికల్లో పక్కా ఇళ్ళిస్తామన్నాం. వచ్చిందన్నమాట!"

"ఇల్లు రాలేదండీ. ఎన్నికలయ్యాక మీ ఫ్లెక్సీ సెంటర్లో పడుంటే తెచ్చుకుని, మా రేకులు లేచిపోయిన కాడ కప్పుకున్నాం. ఎండకి వెలిసిపోద్దని బొమ్మ లోపలికి తిప్పాం. పడుకుంటే పిల్లలకి మీరే కనపడతా ఉంటారు."

నాయకుడు గొంతు సవరించుకున్నాడు. "పోన్లే... కారటం లేదుగా?"

"మీ మొహం ఉన్నంత మేరా చుక్క పడదండీ. కింద హామీలు రాసిన ముక్క వేరేగా అతికించారు చూడండి, ఆ అతుకు కాడే కారతంది. ఎన్నిసార్లు సీలెంట్ పెట్టినా నిలవట్లా."